తొలి తెలుగు శాసనాల స్నాతకోత్తర అధ్యయనం

తొలి తెలుగు శాసనాల అధ్యయనం అంటే సుమారు క్రీ.శ. 6–9 శతాబ్దుల నాటి శాసనాల ఆధారంగా రాయలసీమ చరిత్రను, భాషా పరిణామాన్ని పరిశోధించే స్నాతకోత్తర స్థాయి విద్యారంగం.

దీనికి పూర్వరంగం కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని అశోకుని ప్రాకృత శాసనాలు. ఎర్రగుడి శిలలపై 14 ప్రధాన శాసనాలతో పాటు లఘు శాసనాలూ ఉన్నాయి. లఘు శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు సాగడం లిపి విద్యార్థులకు అరుదైన పాఠం. రాజుల మందగిరిలో మరో లఘు శాసనం ఉంది.

అసలు సామగ్రి కడప జిల్లాలోని రేనాటి చోళ రాజులది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా, ఇప్పటివరకు తెలిసిన తొలి తెలుగు గద్య శాసనంగా పరిగణిస్తారు. ఎర్రగుడిపాడు శాసనం దీనికి సమీప కాలపుది. అదే వంశపు రాజు పుణ్యకుమారుని మాలేపాడు తామ్రశాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. అందువల్ల పరిశోధకునికి తెలుగుతో పాటు ప్రాకృతం, సంస్కృతం, బ్రాహ్మి నుంచి తెలుగు–కన్నడ లిపి వరకు సాగిన మార్పులు తెలియడం తప్పనిసరి. శకటరేఫ (ఱ), తర్వాత తెలుగులో లుప్తమైన ఴ అక్షరం కాలనిర్ణయానికి తోడ్పడతాయి.

రేనాటి శాసనాలను కె.ఎ. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటంలో పరిష్కరించారు. కోరాడ మహాదేవశాస్త్రి చారిత్రక వ్యాకరణం (1969), బూదరాజు రాధాకృష్ణ శాసన సంకలనం (1971) ఈ రంగంలో నేటికీ మూలగ్రంథాలు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం (2006) చరిత్ర, పురాతత్త్వ శాస్త్రాల్లో స్నాతకోత్తర విద్య అందిస్తున్నాయి.