అశ్వవాణిజ్యము - విజయనగర రాజనీతి

రాజ్యముల నడుమఁగల వైరము యుద్ధభూమియందే వెల్లడియగునని తలంచుట పొరపాటు. సేనలు కదలకయే, రణభేరి మ్రోఁగకయే, శత్రువునకు వలయు వస్తువు నాఁపుటయు, వాని వర్తకులను దనవైపునకుఁ ద్రిప్పుకొనుటయు, పాఱివచ్చిన ద్రోహికిఁ జోటిచ్చుటయు వైరమే యగును. ఇట్టి చేఁతలకుఁ గత్తితో బదులు చెప్పిన నొక్కొకప్పుడు కీడే మిగులును. ఊరకున్నచో బలము క్షయించును. ఈ రెంటి నడుమ నుండు మార్గమును విజయనగర ప్రభువు లెట్లు వెదకిరో గుఱ్ఱముల వర్తకచరిత్రము చక్కఁగాఁ దెలుపును.

దక్షిణాపథమున మేలుజాతి గుఱ్ఱములు పుట్టి పెరుఁగుట యరుదు. పదుమూఁడవ శతాబ్ది తుదిని బాండ్యదేశమును జూచిన మార్కోపోలో, అచ్చటికి ఏఁటేఁట వేలకొలఁది గుఱ్ఱములు సముద్రముమీఁద వచ్చుచున్నవనియు, సరియైన పోషణము లేమి వానిలోఁ బెక్కు చచ్చుచున్నవనియు వ్రాసెను. బహమనీ సుల్తానుల బలమంతయు నాశ్వికదళమునందే యుండెను. దాని నెదిరింపవలెనన్న రాయలకును గుఱ్ఱములే కావలెను. కావున హొర్మజు మొదలగు తావులనుండి వచ్చు నోడలు పడమటి తీరమున నే రేవును జేరుననునది రాజ్యరక్షణకు సంబంధించిన ప్రశ్న యయ్యెను.

మొదట నవలంబింపఁబడిన యుపాయము క్రూరమైనది. పోర్చుగీసు చరిత్రకారుల వ్రాఁతలను బట్టి, 1469 ప్రాంతమున విరూపాక్షరాయల యేలుబడిలో, భట్కలు రేవునందలి మహమ్మదీయ వర్తకులు బహమనీ రాజ్యమునకు గుఱ్ఱములను విక్రయించిరని వారిని వధింప నాజ్ఞ యయ్యెను. వారు చెప్పు హతుల సంఖ్యను యథాతథముగా నమ్మఁబనిలేదు. ఫలము మాత్రము గమనింపఁదగినది. తప్పించుకొన్నవారు గోవకుఁ బోయి యచ్చట నిలిచిరి. మహమూదు గవాను 1472లో గోవను బహమనీ రాజ్యమునఁ గలిపెను. శత్రువునకు గుఱ్ఱము లందకుండఁ జేయఁబూనినవారు శత్రువు రేవునకే వర్తకులను దఱిమినట్లయ్యెను.

సాళువ నరసింహరాయలు (1485-1491) వేఱొక త్రోవ ద్రొక్కెను. ఆయన మూఁటికి వేయి పర్దావుల చొప్పున గుఱ్ఱములను బ్రాణముతోనున్నను లేకున్నను గొనెననియు, నడిసముద్రమునఁ జచ్చినవాని తోఁకను మాత్రము తెచ్చి చూపినను వెల చెల్లించెననియు న్యూనిజు చెప్పుచున్నాఁడు. ఇది వెఱ్ఱి యౌదార్యముగాఁ దోఁచవచ్చును. కాని వర్తకుని భయమెల్ల సముద్రమునందే కలదు. ఆ నష్టమును రాజు తనపైఁ బెట్టుకొన్నపిమ్మట వర్తకుఁడు మఱియొక రాజ్యమును వెదకుకొనవలసిన యవసరము తగ్గును. ఈ నీతికి ఆంధ్రదేశమునఁ బూర్వరూపము లేకపోలేదు. కాకతి గణపతిదేవుని మోటుపల్లి యభయశాసనము (1244) ఓడ పగిలి తీరము చేరిన సరకును రాజపురుషులు హరించు నాచారమును మాన్పి, ముప్పదింట నొకపాలు సుంకముగా నిర్ణయించి, పరదేశి వర్తకులకు నమ్మిక కలిగించెను.

ఈ యనుభవసారమంతయు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతి ప్రకరణమునఁ గానవచ్చును. యామునాచార్యుఁడు కుమారునకుఁ జేయు నుపదేశముగాఁ గృష్ణదేవరాయలు దానిని రచించెను. రేవులను జక్కఁజేసి యేనుఁగులు, గుఱ్ఱములు, మణులు, చందనము, ముత్తెములు వచ్చునట్లు చేయవలెను. ఓడ చెడి దిగిన పరదేశీయులను దగినట్లు కాపాడవలెను. ఏనుఁగులను గుఱ్ఱములను దెచ్చు దూరద్వీపముల వర్తకులకు ఊళ్లును, పురమున మేడలును ఇచ్చి, కొలువున దర్శన మొసఁగి, మంచి వెల చెల్లించి, ఆ జంతువులు పగవారిని జేరకుండఁ జూడవలెను. ఇందు కడపటి మాటయే కీలకము. ఆదరము శత్రువును దుర్బలుని జేయు సాధనముగా నిట నెన్నఁబడినది. భట్కలులో హింస సాధింపలేని పనిని మర్యాద సాధించునని రాయలు విశ్వసించెను.

అయినను రేవు పరుల చేతనుండఁగా మర్యాదకును హద్దు కలదు. 1510లో ఆల్బుకెర్కు గోవను బట్టుకొనుటతో హొర్మజు గుఱ్ఱముల వర్తకము పోర్చుగీసువారి గుప్పిట నడంగెను. 1514లో రాయలు వేయి గుఱ్ఱములను దానొక్కఁడే కొను హక్కును గోరఁగా ఆల్బుకెర్కు సమ్మతింపఁడయ్యెను. పిదప నతఁడు ఏఁటికి ముప్పదివేల క్రుజాదు లిచ్చినచో గుఱ్ఱములన్నియు మీకే యని రాయలకును, గోవ కెదుటి నేల నిచ్చినచో మీకే యని విజాపుర సుల్తానునకును వర్తమానము లంపెను. బేరము తేలకమున్నే 1515లో నతఁడు మరణించెను. ఇరువురి వైరము మూఁడవవానికి ధనాగార మగుట కిది నిదర్శనము.

ఇట్టి స్థితిలో సెయిదు మరకారు వృత్తాంతము సంభవించెను. న్యూనిజు కథనము ప్రకారము, రాయలు నలువదివేల పర్దావు లిచ్చి యతనిని గుఱ్ఱములు కొనుటకై గోవకుఁ బంపఁగా, అతఁడా ధనముతో విజాపురమునకుఁ బాఱిపోయెను. ఒకరి నేరగాండ్ర నొకరు అప్పగింపవలెనని యుభయరాజ్యములకును సంధి కలదు. రాయలు మొదట లేఖ వ్రాసి యా నిబంధనను జ్ఞప్తి చేసెను. సుల్తాను అప్పగింపక మరకారును గౌరవించెను. ఇంత స్వల్పధనమునకై సంధిని మీఱవలదని కొందఱు మంత్రులు చెప్పినను, రాయలు సంధిభంగమును జూచెనుగాని సొమ్మును జూడఁడయ్యెను. దాని ఫలమే 1520 నాఁటి రాచూరు యుద్ధము. ఫిరిస్తా యీ కథను జెప్పక, రాచూరును మరల గెలుచుటకై సుల్తానే దండెత్తెనని వ్రాసెను. న్యూనిజు చెప్పు నలువదేండ్ల శాంతియు రాయల తొలి యుద్ధములతోఁ బొసఁగదు. కావున మరకారు వృత్తాంతమును ఏకైక కారణముగాఁ గాక, తక్షణ నిమిత్తముగాఁ గొనుట యుక్తము. ఆ ముట్టడిలోనే గుఱ్ఱములతో వచ్చియుండిన ఫిగైరెదు ఇరువదిమంది పోర్చుగీసు తుపాకివాండ్రతో రాయలకుఁ దోడుపడెను. వర్తకుల నాదరించిన ఫల మిట్లు రణమునందును గనఁబడెను.

1547లో సదాశివరాయల ప్రభుత్వము గోవ గవర్నరు జువావు ద కాస్త్రోతో సంధి చేసికొని, గుఱ్ఱములు విజాపురమునకుఁ బోకుండ మాట గైకొనెను. కృష్ణరాయలు కోరినది కాగితముపై దక్కెను. కాని 1565లో రాజ్యమే కూలెను. దానితో గోవ సుంకపు రాఁబడి మిక్కిలి తగ్గెనని పోర్చుగీసు చరిత్రకారుఁడు కూతో వ్రాసెను. 1567లో విజయనగరమునకు వచ్చిన వెనీసు వర్తకుఁడు సీజరు ఫ్రెడరికు మఱియొక విషయము చెప్పుచున్నాఁడు. తిరుమలరాయలు మంచి వెల యిత్తునని పిలిచి, వర్తకులు గుఱ్ఱములను దెచ్చినపిదప నేమియు నీయక పంపివేసెనఁట. వారు దుఃఖమున మతిచెడినవారివలె నైరి.

ఎనుబదియేండ్లకుఁ బూర్వము చచ్చిన గుఱ్ఱపుఁ దోఁకకు వెలయిచ్చిన సింహాసనము ప్రాణముతో వచ్చిన గుఱ్ఱమునకు వెల యీయలేని స్థితికి దిగెను. యుద్ధమునకు లోఁబడని వైరమున రాజునకుఁ బరులయందుఁ గల నమ్మికయే కోట. అది పడిన నాఁడు తక్కిన కోటలు నిలువలేవని యీ చరిత్రము బోధించుచున్నది.