కూనపులివారి పటముకథ: మన మర్యాదకు గీటురాయి

వార్షిక మహాసభా సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. కులచరిత్ర మనగానే శాసనములను, పురాణప్రమాణములను వెదకుట మన సంచికలలో వాడుకయై యున్నది. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా బ్రదికిన మాకును ఆ మార్గమే యలవాటు. ఐనను ఈ పర్యాయ మా మార్గమును విడిచి, మన పెద్దలు పగలెల్ల మగ్గపుగుంటలో గాళ్ళాడించి, రాత్రి యే వినోదమునకై మేలుకొనెడివారో దానిని గూర్చి వ్రాయదలచితిమి. ఒక సంఘము దేనిని పూజించునో చూచినచో దాని విశ్వాసము తెలియును. దేనిని జూచి సంతోషించునో, ఆ సంతోషమును గలిగించినవాని నే యరుగుమీద గూర్చుండబెట్టునో చూచినచో దాని మర్యాద తెలియును.

తెలంగాణమున పద్మశాలివాడలలో పెరిగిన పెద్దలకు కూనపులివారిని పరిచయము చేయ నక్కఱలేదు. నేటి యువకులకై చెప్పుచున్నాము. వారు మన కులమునే నమ్ముకొన్న యాశ్రితులు. మార్కండేయపురాణమనియు, భావనాఋషి పురాణమనియు బిలువబడు మన కులకథను పటముపై జూపుచు పాడుట వారి వృత్తి. నూలుగుడ్డకు చింతగింజల యంబలియు, సుద్దమన్నును, జిగురును గలిపి పూసి యారబెట్టి, ఎఱ్ఱని రంగుపై బొమ్మలు వ్రాసి యా పటమును సిద్ధపఱచువారు నకాషీ చిత్రకారులు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల యీ పనికి బేరుపడిన యూరు. గజముల కొలది పొడవు గల యా పటమును జుట్టగా జుట్టియుంచి, హార్మోనియము, మద్దెల, తాళములు తోడుగా కథ నడచుచుండ నొక్కొక్క యంకణమే విప్పుచు, కఱ్ఱతో బొమ్మను జూపుచు, కొన్ని రాత్రులపాటు చెప్పెడివారు. గుడ్డ నేసిన చేతులు మనవి, బొమ్మ నకాషీవారిది, పాట కూనపులివారిది, వినువారు మరల మనమే.

కథాసారము మీ రెఱిగినదే. మార్కండేయుని యజ్ఞమున భావనాఋషి యుద్భవించుట, తామరతూటి నారతో నూలు వడికి దేవతలకు వస్త్రములు నేయుట, సూర్యపుత్రికయగు భద్రావతిని బరిణయమాడుట, ఆ సంతతివలన నూటయొక్క గోత్రములు వెలయుట. 1909లో బ్రకటింపబడిన థర్‌స్టన్, రంగాచారిగార్ల దక్షిణభారత కులముల గ్రంథములో సయితము భావనాఋషి కథ యెక్కినది.

ఏ కుటుంబమువా రే గ్రామములలో కథ చెప్పవలెనో మిరాసిగా నేర్పడియుండెను. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు వా రూళ్ళను బంచుకొనెడివారు. పటము జీర్ణమైనచో దానిని బాఱవేయక, పూజించి నీట నిమజ్జనము చేసెడివారు.

ఇట్టి యేర్పాటు మనకొక్కరికే కాదు. రజకులకు మడేలుపురాణము చెప్పు పటమువారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు పాండవులకథ చెప్పు కాకిపడగలవారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు గలరు. ఈ కథలన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక విశేషము గోచరించును. ప్రతి కథయు దన వారి వృత్తి లేనిదే లోకము నడవదని చెప్పును. మనము నేసిన వస్త్రము లేనిదే దేవతలకు మానరక్షణము లేదని మన కథ. భూమి పుట్టకమునుపే జాంబవుడు పుట్టెనని వారి కథ. శాస్త్రము లెవరి నే మెట్టుపై నిలిపినను, తాను క్రిందివాడనని రాత్రివేళ తన వాకిట నొప్పుకొన్నవా డొక్కడును లేడు. ఈ సత్యమును మనకు దెలిపినది పండితుల గ్రంథములు కావు. యాచకులని మనము పిలిచినవారి పాటలు.

ఇక మా తప్పు చెప్పుకొనవలసి యున్నది. 1983వ సంవత్సరమున మేము ప్రాచ్యకళాశాలలో సంస్కృతము చదివి, కొత్తగా నుద్యోగమున జేరి, వేసవి సెలవులకు మా యూరు వచ్చితిమి. ఆ దినములలోనే కూనపులివారు వచ్చిరి. వాడయంతయు మూడు రాత్రులు కథ వినెను. మేమును వింటిమి గాని, చెవులతో గాక చదువుతో వింటిమి. నూటముప్పదియేడధ్యాయముల సంస్కృత మార్కండేయపురాణమును దిరుగవేసి యుంటిమి. తిక్కన శిష్యుడగు మారన తెనిగించిన గ్రంథమును జదివి యుంటిమి. అం దెచ్చటను ఈ కథ లేదు. నాలుగవనాటి యుదయమున, సంభావనకై మా యింటికి వచ్చిన వృద్ధకథకుని నలుగురి యెదుట, “ఇది యే యధ్యాయములోనిది?” అని యడిగితిమి. అతడు కొంతసేపు మా మొగము చూచి, “అయ్యా, పొత్తంలో ఉన్నదో లేదో నేనెరుగ. మీ గోత్రం, మీ ముత్తాత పేరు మా తాత నాకు చెప్పిండు. అవి గూడ అబద్ధమేనా?” అనెను. మేము నవ్వితిమి. మా తండ్రిగారు నవ్వలేదు. మగ్గమునుండి యప్పుడే దింపిన పంచె నాతని చేతులలో నుంచి, సాగనంపుటకు వాడ చివరివఱకు నడచిరి. ఆ దినమంతయు మాతో మాటాడలేదు.

ఆ మేళము మరల మా వాడకు రాలేదు. మా ప్రశ్న వలననే రాలేదనుట మమ్ము మేము గొప్ప చేసికొనుట యగును. మగ్గములు తగ్గినవి, మనవారు షోలాపురము, భివండి, సూరతు పట్టణములకు మరమగ్గములను వెదకికొనుచు బోయిరి, ఊళ్ళో మిగిలినవారికి కథకుని పోషించు శక్తి తగ్గినది. ఐనను ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

1987లో దూరదర్శనమున ప్రతి యాదివారమును రామాయణము వచ్చుచుండ, మా వీధిలో నున్న యొకే పెట్టె ముందఱ మేమును జేతులు జోడించి కూర్చుంటిమి. లక్ష్మణుడు గీత గీచుట వాల్మీకములో లేదని యెఱిగియు, “ఇది యే సర్గలోనిది?” అని యడుగలేదు. 1957నాటి ‘మాయాబజారు’ చిత్రమును మే మెన్నిమారులు చూచితిమో లెక్కలేదు. శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు; ఐనను ఘటోత్కచుని జూచి యానందించుటకు మాకు బ్రమాణము కావలసి రాలేదు. వెండితెరకు మేము క్షమించిన దానిని చిరిగిన యంగవస్త్రముతో మా వాకిట నిలిచినవానికి క్షమింపజాలమైతిమి. మేము పరీక్షించినది కథను గాదు, కథకుని బేదఱికమును. ప్రమాణము మాకు సత్యాన్వేషణ సాధనము కాలేదు. అంతస్తును గొలుచు కొలకఱ్ఱ యైనది.

ఈ దోషము మా యొక్కరిదే యైనచో సంచికలో వ్రాయకపోదుము. మన మహాసభలలో ప్రతి సంవత్సరమును, అన్యులు మనలను దక్కువగా జూచిరని వాపోవుచున్నాము. అందు సత్యము లేకపోలేదు. కాని మన గొప్పతనమును నోరార బాడినవానిని మన మెచ్చట గూర్చుండబెట్టితిమి? అరుగు క్రింద. ఏ పేరున బిలిచితిమి? అడుగుకొనువాడని. మనకు బైనున్నవా డేమిచేసెనని మనము నొచ్చితిమో, దానినే మనకు క్రింద నున్నాడని తలచినవానికి జేసితిమి. మన వినోదము మనలను గూర్చి చెప్పు నిజ మిదియే. ఇది పటముపై లేదు. పటము నెదుట గూర్చున్నవారి వరుసలో నున్నది.

చేర్యాల పటములు నేడు పట్టణగృహముల గోడల నలంకరించుచున్నవి. చిత్రకారులకు నాలుగు రూకలు దొరకుట సంతోషమే. కాని గోడకు దగిలించిన పటము మాటాడదు. పాట లేని పటము పేక లేని పడుగు వంటిది. అందుచే మహాసభవారికి మా విన్నపము లివి. సభాకార్యక్రమమున నొక రాత్రిని కూనపులివారి కథకు గేటాయింపుడు. వారిని సభానంతరమున దీపములార్పుచుండగా గాక, వక్తలతోపాటు వేదికమీదనే కూర్చుండబెట్టుడు. వారికిచ్చునది భిక్షమని గాక పండితసంభావన యని వ్రాయుడు. వారి పాటను యంత్రమున భద్రపఱచి, పాడినవాని పేరు మొదట నుంచుడు. కథను మన గర్వమునకు దగినట్లు దిద్దుమని యడుగకుడు. వీలైనచో మఱియొక రాత్రి డక్కలివారిని బిలిచి జాంబపురాణమును విందము. మనమే మొదట పుట్టితిమని నమ్మువారికి, అంతకు మునుపే పుట్టినవారి కథ వినుట మేలు చేయును.

ఆ వృద్ధుని ప్రశ్నకు మే మిన్నేండ్లకు నుత్తర మిచ్చుచున్నాము. మా ముత్తాత పేరు మే మే గ్రంథములోను జదువలేదు. మా యింట వ్రాసియుంచినవారును లేరు. ఆ పేరు మా కాతని నోటనే తెలిసినది. అది యబద్ధము గాదు.