సిద్దూర్: యూదుల ప్రార్థనాగ్రంథం

యూదులు తమ నిత్యప్రార్థనల గ్రంథాన్ని 'సిద్దూర్' అంటారు. ఆ హీబ్రూ మాటకు మూలార్థం క్రమం. ఏది ముందు చదవాలి, ఏది వెనుక, దేనిని నిలుచుండి చదవాలి అన్నది చెప్పే పుస్తకం గనుక ఆ పేరు తగినదే. అయితే ఈ గ్రంథం ఆ మతమంత ప్రాచీనమైనది కాదు. పూర్వాచార్యులు ప్రార్థనలను వ్రాసిపెట్టడాన్నే మెచ్చలేదు. వ్రాసేవాడు ధర్మశాస్త్రాన్ని తగులబెట్టినవానితో సమానమని నిందించినవారు కూడ ఉన్నారు. వేదాన్ని గురుముఖతః నేర్చిన మనదేశంవారికి ఈ సంకోచం వింతగా తోచదు.

క్రీ. శ. 70లో రోమను సైన్యాలు జెరూసలేము దేవాలయాన్ని ధ్వంసం చేసినవి. బలులు ఆగిపోయినవి. బలిపీఠం చేసిన పనిని ఇక నోటిమాట చేయవలసివచ్చినది. దేవుడొక్కడే అని చాటే 'షెమా'ను ఉదయం, రాత్రి చదువుతారు. నిలుచుండి చదివే స్తుతులు దినానికి మూడు వేళలు. వాటికి 'పద్దెనిమిది' అని పేరు. చదివేవి మాత్రం పందొమ్మిది. లెక్క పెరిగినా పేరు మారలేదు.

9వ శతాబ్దంలో స్పెయిను యూదులు ప్రార్థనాక్రమం తెలుపమని బాబిలోనియాలోని సూరా విద్యాపీఠాన్ని అర్థించినారు. పీఠాధిపతి అమ్రామ్ గావోన్ పంపిన సమాధానమే మనకు తెలిసిన మొదటి సమగ్ర ప్రార్థనాగ్రంథం. ఒక ఉత్తరమే గ్రంథమైనదన్నమాట. తరువాతి శతాబ్దంలో సాదియా గావోన్ కూర్చినదానిలో ప్రార్థనలు హీబ్రూలోను, వివరణలు అరబ్బీలోను ఉన్నవి. చదివేవారి వాడుకభాష అదే.

కొంకణ తీరంలో కథ వేరు. అక్కడి బెనే ఇస్రాయేలు సమాజంవారు నూనె గానుగలు ఆడేవారు. శనివారం గానుగ కట్టరు గనుక ఇరుగుపొరుగు వారిని 'శనివార తేలీ'లని పిలిచినారు. ఓడ పగిలి ఒడ్డుకు చేరినప్పుడు తమ గ్రంథాలన్నీ పోయినవని వారి ఐతిహ్యం. అది ఎంతవరకు చరిత్రయో చెప్పడం కష్టం. వారికి నోట మిగిలిన హీబ్రూ ప్రార్థన షెమా ఒక్కటే. పెండ్లికి అదే, సున్తీకి అదే, మరణానికి అదే. క్రమం పోయినా మొదటి మాట పోలేదు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలో ఇంతకంటె గొప్ప విషయం లేదు. తరువాత కొచ్చిన్ నుండి వచ్చిన యూదులు వారికి తక్కిన ప్రార్థనలు నేర్పినారు. 1796లో బొంబాయిలో వారి మొదటి ప్రార్థనాలయం వెలసినది. 19వ శతాబ్దంలో జోసెఫ్ ఎజెకియేల్ రాజ్‌పుర్కర్ ప్రార్థనలను మరాఠీలోనికి తెచ్చినాడు.

నేర్పిన కొచ్చిన్ వారికి సొంత సంప్రదాయం ఉన్నది. తమ పూర్వులు నివసించిన కొడుంగల్లూరును వారు 'షింగ్లి' అంటారు. ఆ షింగ్లి పద్ధతి ప్రార్థనలు 1757లో ఆమ్‌స్టర్‌డాములో అచ్చయినవి. మలబారు తీరపు గానాన్ని అంత దూరాన హీబ్రూ అక్షరాలలో కూర్చినారు.

అయితే పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన ప్రార్థన పూర్తి కాదు. పదమూడేండ్లు నిండిన పురుషులు పదిమంది కూడితేగాని కొన్నింటిని చదవరాదు. (కొన్ని నవీన శాఖలు స్త్రీలను కూడ లెక్కిస్తున్నవి.) తండ్రి పోయిన కొడుకు చదివే 'కద్దీష్' వాటిలో ఒకటి. అందులో మరణం ప్రసక్తే లేదు, అంతా దైవస్తుతి. దానిని ఒంటరిగా చదువుకొనడానికి వీలులేదు. దుఃఖితుడు పలుకుతూ ఉంటే తక్కినవారు 'ఆమెన్' అనాలి.

కొచ్చిన్ యూదులలో అత్యధికులు 1950వ దశకంలో ఇస్రాయేలుకు తరలిపోయినారు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ ప్రార్థనాలయం నిలిచే ఉన్నది. నేలమీద చీనా నుండి తెప్పించిన నీలిరంగు పలకలు, లోపల ధర్మశాస్త్రపు చుట్టలు భద్రంగా ఉన్నవి. స్థానికులతో పదిమంది లెక్క కుదిరే రోజులు పోయినవి. ఊరు చూడవచ్చిన యూదు యాత్రికులు తగినంతమంది దొరికిన నాడు అక్కడ పూర్తి ప్రార్థన జరుగుతుంది.