ఫైలు: దారం నుంచి సర్వర్ దాకా

విశాఖ కలెక్టరేట్‌కు పనిమీద వెళ్లినవాళ్ల నోట ‘ఫైలు కదలడం లేదు’ అన్న మాట మామూలే. ‘ఫైలు’కు మూలం లాటిన్‌లో దారం అని అర్థమిచ్చే ‘ఫీలుమ్’. కాగితాలను దారానికో తీగకో గుచ్చి దాచేవారు. మన కరణాల కవిలెకట్టల్లోనూ తాటాకులకు చిల్లు పొడిచి తాడు ఎక్కించేవారు.

రుషికొండ ఐటీ కొలువుల్లో ఈ మాట పరిధి ఇంకా పెద్దది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ కూడా ఫైలు లెక్కే. తెరిచిన ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తారు, అదే ఫైల్ డిస్క్రిప్టర్. స్క్విడ్ లాంటి ప్రాక్సీ (మధ్యవర్తి) సర్వర్‌కు, తన దగ్గర దాచుకోని పేజీ తేవాలంటే కనీసం రెండు కావాలి: అడిగినవారి వైపు ఒకటి, అసలు సర్వర్ వైపు ఒకటి. చాలా లినక్స్‌లలో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరవగలిగే వాటి మామూలు పరిమితి 1024. రద్దీ పెరిగి అది దాటితే సర్వర్ ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని మొరాయిస్తుంది. ‘యూలిమిట్ -ఎన్’ కొడితే ఆ పరిమితి కనిపిస్తుంది. లినక్స్‌లో సిస్టమ్‌డీ నడిపే సర్వీసుకైతే ‘లిమిట్‌నోఫైల్’ విలువ పెంచి, సర్వీసును మళ్లీ స్టార్ట్ చేయాలి.