ఆరియోమైసిన్ మరో చరిత్ర

యల్లాప్రగడ సుబ్బారావు గురించిన తెలుగు వ్యాసాలలో ఆరియోమైసిన్ ప్రస్తావన లేనిది అరుదు. ఆ మందును ఆయనే కనిపెట్టారని రాసినవారూ ఉన్నారు. అది సరికాదు. మిసోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుండి ఆ సూక్ష్మజీవిని వేరుచేసి, దాని ఔషధగుణాన్ని గుర్తించినవాడు డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి సుబ్బారావు. ఆ పరిశోధనను నిలబెట్టి, ఔషధంగా బయటికి తెచ్చిన ఘనత ఆయనది. అదేమీ చిన్నది కాదు. స్ప్రూ అనే పేగుల వ్యాధికి సోదరులను పోగొట్టుకుని, తానూ ఆ జబ్బుతో బాధపడిన మనిషి ఆయన.

ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైన 1948లోనే, ఆగస్టులో సుబ్బారావు మరణించారు. అసలు మలుపు ఆ తరువాత వచ్చింది.

అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోళ్ల పోషణపై పనిచేస్తున్నారు. బి12 విటమిన్‌కు చౌకైన వనరు కోసం వెదుకుతూ, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని 1948 చివరలో కోడిపిల్లలకు మేపారు. కాలేయసారం తిన్నవాటికన్నా అవి ఎక్కువగా పెరిగాయి. విటమిన్ ఒక్కటే ఇంత పని చేయలేదు. పిప్పిలో మిగిలిన మందే కారణమని తేలింది. పందిపిల్లల విరేచనాలు కూడా ఆ దాణాతో తగ్గుముఖం పట్టాయి. 1950లో సంగతి పత్రికలకెక్కింది. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో పశువైద్యుని చీటీ లేకుండానే దాణాలో యాంటీబయాటిక్ కలపడానికి అనుమతి దొరికింది.

ఈ ఎదుగుదల రహస్యం పేగులలోనే ఉంది. సూక్ష్మజీవులు లేని గదులలో పెంచిన కోడిపిల్లలకు ఇదే మందు పెడితే అదనపు పెరుగుదల కనిపించలేదు. అంటే మందు పిల్లను పెంచడం లేదు, పేగులోని బాక్టీరియాను అదుపు చేస్తున్నది. అయితే వ్యాధికి ఇచ్చే మోతాదు వేరు, దాణాలో నెలల తరబడి కలిపే చిటికెడు వేరు. మొదటిది కొద్ది రోజులలో బాక్టీరియాను అణచి ఆగిపోతుంది. రెండవది వాటిని చంపదు, మందుకు లొంగని వాటిని ఏరి పోషిస్తుంది. నిజానికి పారుడు పట్టిన దూడను చాలావరకు చంపేది శరీరంలోని నీరు, లవణాలు పోవడమే. కలరా రోగికి లాగే దానికీ తొలి చికిత్స ద్రవాలు ఎక్కించడం, తాగించడం. మందు సీసా తేలికగా చేతికందినచోట ఈ ప్రాథమిక సూత్రం మరుగున పడడం విచిత్రమేమీ కాదు.

1960లలో బ్రిటన్‌లో దూడలకు సాల్మొనెల్లా సోకింది. సంతలలో చేతులు మారుతూ అవి జబ్బును ఊరూరా మోశాయి. మందులు కుమ్మరించిన కొద్దీ బాక్టీరియా ఒకదాని వెంట ఒకటిగా మందులకు లొంగడం మానింది, మనుషులకూ సోకింది. ఆ నిరోధకత ఒక బాక్టీరియా నుండి మరొకదానికి చేరగలదని ఇ. ఎస్. ఆండర్సన్ చూపాడు. చికిత్సకు వాడే మందులను పెరుగుదల కోసం మేపరాదని 1969లో స్వాన్ కమిటీ సిఫారసు చేసింది. 1976లో స్టువర్ట్ లెవీ బృందం టెట్రాసైక్లిన్ దాణా తిన్న కోళ్లనూ, ఆ పొలంలోని కుటుంబాన్నీ పరీక్షించింది. కొన్ని నెలలలోనే మందు తినని మనుషుల పేగులలోనూ నిరోధక బాక్టీరియా పెరిగింది. జూక్స్ మాత్రం తన ఆవిష్కరణను సమర్థిస్తూనే వచ్చాడు.

పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు మేపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా నిషేధించింది. వైద్యంలో ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆ పని చేసింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్న భారతదేశంలో, ఆసుపత్రులు ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ కోళ్ల దాణాలో చేరింది. ఆ మందును తట్టుకునే జన్యువు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి పాకుతున్నదని 2015లో చైనా పరిశోధకులు వెల్లడించారు. మాంసం, గుడ్లు, చేపల కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.