30 నిమిషాల పిజ్జా: డామినోస్ ఏం కొలిచింది, ఏం కొలవలేదు

ఒక రెస్టారెంట్ చెయిన్ బాగా నడుస్తుందా లేదా అని ఎలా తెలుస్తుంది? షాపు ముందు క్యూ చూసి చెప్పేస్తాం కదా. కానీ వేల షాపులు ఉన్న కంపెనీకి అలా కుదరదు, ఏదో ఒక నంబర్ పెట్టుకుని కొలవాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూశాను, డాష్‌బోర్డ్ మీద ఏ నంబర్ పెడితే టీమ్ మొత్తం దాని వెనకాలే పరిగెత్తేది. ఈరోజు డామినోస్ కథ చెప్తాను. ఇందులో అలాంటి నంబర్లు రెండు ఉన్నాయి.

1960లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి అనే కాలేజీ ఊరు. టామ్ మోనహన్, ఆయన తమ్ముడు జేమ్స్ కలిసి డామినిక్స్ అనే చిన్న పిజ్జా షాపు కొన్నారు. ఏడాది తిరక్కుండానే జేమ్స్ తన వాటా వదిలేసి, డెలివరీకి వాడే ఫోక్స్‌వ్యాగన్ కారు తీసుకుని వెళ్ళిపోయాడు. 1965లో పేరు డామినోస్ అయింది. కస్టమర్లు ఎవరు? హాస్టల్లో ఉండే స్టూడెంట్స్. వాళ్ళకి కూర్చుని తినే హోటల్ అక్కర్లేదు, ఆకలేసినప్పుడు గది దగ్గరికే వేడిగా రావాలి. మోనహన్ ఈ అలవాటును పట్టుకున్నాడు. మెనూ చిన్నది చేసి, దృష్టంతా డెలివరీ మీద పెట్టాడు.

అక్కడి నుంచి వచ్చిందే 30 నిమిషాల హామీ. లేటయితే మొదట్లో పిజ్జా ఫ్రీ, తర్వాత 3 డాలర్లు తగ్గింపు. కస్టమర్‌కి ఇది భలే సులువైన కొలత. రుచి గురించి ఇద్దరు వాదించుకోవచ్చు, గడియారం గురించి వాదన లేదు. 1978లో 200వ షాపు, 1983లో 1,000వ షాపు, 1989లో 5,000వ షాపు. పెరుగుదల చూడండి!

అయితే ఆ 30 నిమిషాల్లో ఓవెన్ టైమ్ తగ్గదు. మిగిలింది రోడ్డు. ఆ రోడ్డు మీద ఉన్నది డ్రైవర్, అతనికి ఎదురొచ్చే జనం. 1989లో సెయింట్ లూయిస్‌లో ఒక డెలివరీ డ్రైవర్ రెడ్ లైట్ దాటి వచ్చి ఒక మహిళ కారును గుద్దాడు. కేసు నడిచి, 1993 డిసెంబర్‌లో జ్యూరీ ఆమెకు 7.8 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలంది. తర్వాత ఇంకా తక్కువ మొత్తానికి రాజీ అయింది. కానీ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే అమెరికాలో కంపెనీ ఆ హామీని ఎత్తేసింది. కంపెనీ కొలిచింది నిమిషాలు. ఆ నిమిషాల కోసం ఎవరు ఎంత రిస్క్ తీసుకుంటున్నారో చూపించే గడి ఆ హామీలో లేదు.

ఇక రెండో నంబర్. 1998లో మోనహన్ కంపెనీలో ఎక్కువ వాటాను బెయిన్ క్యాపిటల్‌కి అమ్మేశాడు. 2004లో ఒక్కో షేర్ 14 డాలర్ల చొప్పున స్టాక్ మార్కెట్‌కి వచ్చింది. మార్కెట్ చూసేది సేమ్ స్టోర్ సేల్స్. అంటే ఏంటి? మీకు 10 షాపులున్నాయి అనుకోండి. ఈ ఏడాది ఇంకో 2 తెరిచారు, మొత్తం అమ్మకాలు 20 శాతం పెరిగాయి. వినడానికి బాగుంది కదా? కానీ ఆ పెరిగిందంతా కొత్త షాపులదే అయితే, పాత పదింట్లో పెరుగుదల సున్నా. అందుకే నిరుడు కూడా ఉన్న షాపులనే తీసుకుని, అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూస్తారు. పాత కస్టమర్ మళ్ళీ వస్తున్నాడా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది.

2008లో అమెరికాలో డామినోస్‌కి ఈ నంబర్ 4.9 శాతం పడిపోయింది. ఆ ఏడాది చివర్లో షేర్ 3 డాలర్ల కిందకి కూడా వెళ్ళింది. 2009లో ఒక సర్వేలో రుచి విషయంలో చక్ ఈ చీజ్‌తో సమానంగా ఆఖరి స్థానం. చక్ ఈ చీజ్ అంటే పిల్లల బర్త్‌డే పార్టీలకి, ఆటలకి వెళ్ళే చోటు! ఫోకస్ గ్రూపుల్లో జనం క్రస్ట్ అట్టముక్కలా ఉందన్నారు, సాస్ కెచప్‌లా ఉందన్నారు. ఇంకో విషయం తెలిసింది. ఫలానా పిజ్జా డామినోస్‌ది అని చెప్తే, చెప్పనప్పటి కంటే తక్కువ నచ్చింది జనానికి. అంటే సమస్య నాలుక మీదే కాదు, పేరు మీద కూడా ఉంది.

దాంతో క్రస్ట్, సాస్, చీజ్ మూడూ మార్చారు. ఆ తిట్లనే యాడ్‌లో పెట్టి టీవీలో చూపించారు. పేరు మీద నమ్మకం పోయినప్పుడు 'కొత్త రుచి' అని ఊరికే చెప్తే ఎవరు నమ్ముతారు? 2010 మొదటి మూడు నెలల్లో అమెరికాలో సేమ్ స్టోర్ సేల్స్ 14.3 శాతం పెరిగాయి, ఏడాది మొత్తానికి 9.9 శాతం.

ఇక్కడ ఎవరికైనా డౌట్ రావాలి. యాడ్ చూసి, ఒకసారి ట్రై చేద్దామని వచ్చిన జనం కావచ్చు కదా? అలా అయితే మరుసటి ఏడాది నంబర్ పడిపోవాలి. కానీ 2011లో, ఆ పెరిగిన లెక్క మీదే ఇంకో 3.5 శాతం పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆర్డర్ పెట్టకపోతే ఇది జరగడం కష్టం.

మన దేశంలో డామినోస్‌ని నడిపేది జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్. 1996లో ఢిల్లీలో మొదటి షాపు, 2010లో స్టాక్ మార్కెట్‌లో లిస్టింగ్. అమెరికాలో తీసేసిన 30 నిమిషాల హామీ ఆ తర్వాత కూడా మన దగ్గర చాలా ఏళ్ళు నడిచింది. మన రోడ్లు, మన వర్షాకాలం సంగతి మీకు తెలిసిందే.

కాబట్టి ఏ చెయిన్ ఫలితాలు వార్తల్లో కనిపించినా, ముందు పాత షాపుల లెక్క చూడండి. ఎవరైనా ఇన్ని నిమిషాల్లో తెస్తాం అంటే, ఆ నిమిషాలు కిచెన్‌లో తగ్గుతున్నాయా, బండి మీద తగ్గుతున్నాయా అని ఒకసారి ఆలోచించండి. దగ్గర్లో షాపు పెట్టి తగ్గిస్తే మంచిదే. బండి నడిపే కుర్రాడి భయంతో తగ్గిస్తే, ఆ లెక్క ఏ రిపోర్ట్‌లోనూ కనపడదు.