లెక్కలో ఆమె ఎవరు?

1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’లో విలోమ త్రైరాశికం చెప్పేచోట ఒక లెక్క ఉంది. పదహారేళ్ళ స్త్రీ 32 నిష్కాలు పలికితే ఇరవయ్యేళ్ళ స్త్రీ ఎంత పలుకుతుందో కట్టమంటాడు. ప్రాణుల విషయంలో వయసు పెరిగేకొద్దీ వెల తగ్గుతుందన్నది అక్కడి సూత్రం. 16ని 32తో హెచ్చవేసి 20తో భాగిస్తే 25.6 నిష్కాలు. ఆ పక్కనే కాడి మోసిన ఎద్దు ధర మీద ఇంకో లెక్క. స్త్రీకీ ఎద్దుకీ పద్ధతి ఒకటే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎనిమిదో తరగతికి అనులోమ, విలోమానుపాతాలు నేనే చెప్పాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా వార్షిక ప్రణాళిక రాసుకోవాలి. ఏ పాఠానికి ఎన్ని పీరియడ్లు పడతాయో చూసుకోవాలి. బోర్డు మీద చేయించే లెక్కలు ఎంచుకోవాలి. ఈ చివరిది చూడ్డానికి చిన్న పని. కానీ సూత్రం ఎటూ పుస్తకంలో ఉంటుంది, ఉదాహరణ మాత్రం టీచరు చేతిలో ఉంటుంది. ఆ ఉదాహరణలో మనుషులుంటారు. వాళ్ళలో ఆడది ఎవరు, ఏం చేస్తోంది అన్నది నాకు గణితం బయటి ప్రశ్నగా ఎప్పుడూ అనిపించలేదు.

దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి బానిసల వెలతో ఇప్పటి పాఠానికి పనేమిటి అనవచ్చు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘కాలం – పని’ అధ్యాయం తిరగెయ్యండి. ముగ్గురు పురుషులు గానీ అయిదుగురు స్త్రీలు గానీ ఒక పనిని 12 రోజుల్లో చేస్తారు అనే తరహా లెక్కలు కనిపిస్తాయి. అంటే ఒక స్త్రీ పని పురుషుడి పనిలో అయిదింట మూడు వంతులు. ఏ పని అన్నది లెక్క చెప్పదు. వరి ఊడ్పా, కలుపా, మిరపకాయల కోతా? పేరు లేని ఆ పనిలో ఆమె తక్కువన్నది మాత్రం దత్తాంశం. దత్తాంశాన్ని పిల్లలు ప్రశ్నించరు, దాని మీద నిలబడి జవాబు కడతారు. లీలావతిలో ఆమెకు ధర ఉంది, ఇక్కడ వంతు ఉంది.

లీలావతి ఎవరన్న కథ కూడా గమనించదగ్గదే. భాస్కరుడి కూతురని, నీటి గడియారంలో ముత్యం పడి పెళ్ళి ముహూర్తం తప్పిపోయిందని, ఆమెను ఓదార్చడానికి తండ్రి ఈ పుస్తకానికి ఆమె పేరు పెట్టాడని చిన్నప్పుడు మనమంతా విన్నాం. ఈ కథ 1587లో ఫైజీ చేసిన పర్షియన్ అనువాదంతో ప్రచారంలోకి వచ్చింది. ఆడపిల్లకి గణితం ఎప్పుడు దక్కింది? పెళ్ళి తప్పిపోయాక. కథ నిజమా కాదా అన్నదాన్ని మించి, ఇన్ని తరాలవాళ్ళు దాన్ని ఎంత సహజంగా నమ్మారన్నది నన్ను ఆలోచింపజేస్తుంది.

ఇక ఆడపిల్లలు బడికి వచ్చాక ఏం జరిగింది? ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టారు. 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్, బాలికల ప్రాథమిక పాఠశాలల్లో చదువు స్థాయి బాలుర కంటే తేలికగా, గృహ జీవితపు అవసరాలకు తగ్గట్టు ఉండాలంది. బడి తలుపు తీస్తూనే లోపల గోడ కట్టడమంటే ఇదే. స్వతంత్రం వచ్చాక 1952–53 నాటి మొదలియార్ కమిషన్ కూడా బాలికలకు గృహ విజ్ఞానం చదివే ప్రత్యేక సౌకర్యాలు కల్పించమంది. గృహ విజ్ఞానం తక్కువ చదువని నేననను. అది ఆడపిల్లలకే ఎందుకన్నది, దానికోసం ఏ సబ్జెక్టు వదులుకోవలసి వచ్చిందన్నది నా ప్రశ్న.

ఆ వదులుకోవడం ఎలా ఉండేదో మా ఇంట్లోనే చూశాను. మా పెద్దమ్మ 1960ల్లో ఎస్.ఎస్.ఎల్.సి. చదివింది. అప్పుడు జనరల్ మాథ్స్, కాంపోజిట్ మాథ్స్ అని రెండుండేవి. రెండోది కష్టమైనది, ఇంజనీరింగు వైపు పోవాలనుకునేవాళ్ళది. ఆడపిల్లకి కాంపోజిట్ ఎందుకన్నారు ఇంట్లో. స్కూల్లో ఎవరూ కాదనలేదు. ఆమె తర్వాత ముప్పై ఏళ్ళు వీధిలో చిట్టీలు నడిపింది. పాట పోగా ఎవరికెంత పంచాలో కాగితం లేకుండా చెప్పేది. ఆమెకు లెక్కలు రాక కాదు, రానవసరం లేదని ముందే తీర్మానించారు.

ఆ తీర్మానాన్ని తిరగరాసినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958లో వేసిన స్త్రీ విద్యా కమిటీ సిఫార్సు వల్ల 1959లో జాతీయ స్త్రీ విద్యా మండలి ఏర్పడింది. బాలబాలికలకు వేరు వేరు పాఠ్య ప్రణాళికలు ఉండాలా అన్నది తేల్చడానికి ఆ మండలి హంసా మెహతా అధ్యక్షతన కమిటీ వేసింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో ‘పురుషులందరూ’ అన్నచోట ‘మానవులందరూ’ అని మార్పించిన హంసా మెహతా ఈవిడే. పాఠ్య ప్రణాళికను స్త్రీ పురుష భేదంతో విడదీయనక్కర్లేదని ఆ కమిటీ తేల్చింది. 1964–66 నాటి కొఠారి కమిషన్ దాన్ని బలపరిచి, పదో తరగతి దాకా గణితం, సైన్సు అందరికీ తప్పనిసరి కావాలని సిఫార్సు చేసింది. ఇవాళ నా క్లాసులో ఆడపిల్లలు త్రికోణమితి చెయ్యడం ఎవరి దయా కాదు. కాంపోజిట్ దక్కని మా పెద్దమ్మ తరానికీ వాళ్ళకీ మధ్య ఈ నివేదికలున్నాయి.

అయితే సబ్జెక్టు అందరిదీ అయినంత మాత్రాన లెక్కల్లోని మనుషులు మారిపోలేదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కోసం గణిత బోధనపై రాసిన పత్రం ఈ సంగతి ఒప్పుకుంది. గణితం మగవాళ్ళ సొత్తన్న భావానికి పాఠ్య పుస్తకాల్లో స్త్రీ గణితజ్ఞుల ప్రస్తావన లేకపోవడం కూడా ఒక కారణమంది. బీజగణితంలో కృషికి 1987లో భట్నాగర్ పురస్కారం పొందిన పరిమళ పేరు మన పిల్లల్లో ఎందరు విన్నారు? 1936లో మొదలైన ఫీల్డ్స్ పతకం మొదటిసారి ఒక స్త్రీకి, మరియం మీర్జాఖానీకి, దక్కింది 2014లో. 2022లో మరీనా వియాజోవ్‌స్కాకి వచ్చింది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించిన తల్లి లక్ష్మీకాంతమ్మను తన పుస్తకం అంకితంలో తలుచుకున్నారు. ఆ తలపు గొప్పదే. దీపం వెలిగించిన చేతికి ఎవరైనా పలకా బలపం ఇచ్చారా అన్న ప్రశ్న నాకు మిగిలే ఉంటుంది.

ఆడపిల్లల్ని గణితానికి దగ్గర చెయ్యాలంటే ముగ్గులతో మొదలుపెట్టమని శిక్షణా తరగతుల్లో చెబుతారు. సౌష్ఠవానికి ముగ్గు చక్కటి ఉదాహరణే, నేనూ చేయిస్తాను, మగపిల్లల చేత కూడా. కానీ ఆడపిల్లకి ప్రతిసారీ ముగ్గూ వంటా ఇస్తే హంటర్ కమిషన్ చెప్పిన గృహ జీవితం దగ్గరికే మళ్ళీ చేరతాం. ఆమె వాకిలి దాటి ఎక్కడెక్కడ లెక్క చేస్తోందో అదీ క్లాసులోకి రావాలి.

అందుకే ఈసారి విలోమానుపాతానికి కూలీల లెక్క ఇలా రాసుకున్నాను: 12 మంది ఆడవాళ్ళ ముఠా ఒక చేను ఊడ్పు 6 రోజుల్లో పూర్తి చేస్తే, 4 రోజుల్లో అయిపోవాలంటే ఎంతమంది కావాలి? 18 మంది. మా ఊరి చేలల్లో ఊడ్చేది వాళ్ళే కనుక ఇందులో కల్పనేమీ లేదు. వడ్డీ లెక్కకి పొదుపు సంఘం పుస్తకం ఉంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే వినడానికి తక్కువే. ఏడాదికి 24 శాతమని, పదివేల మీద 2,400 అని పిల్లలే కట్టాలి. ఇంకోటి: మగ కూలీకి రోజుకు 600, ఆడ కూలీకి 400 అనుకుంటే, నెలకు 20 రోజుల చొప్పున ఆరు నెలల్లో తేడా ఎంత? 24,000. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందని జవాబు కింద రాయిస్తాను.

లీలావతి లెక్కని దాచెయ్యమంటారు కొందరు స్నేహితులు, పిల్లలకెందుకని. నేను దానికొక పీరియడు కేటాయించాను. గుణకారం తప్పు కాదు, భాగహారం తప్పు కాదు, అయినా ఈ లెక్క ఎక్కడ తప్పు అని అడుగుతాను. జవాబు సరిపోయినంత మాత్రాన ఇచ్చిన సంగతులన్నీ ఒప్పుకోనక్కర్లేదని పద్నాలుగేళ్ళకే తెలియడం మంచిది. ఎందుకంటే పదో తరగతి ఫలితాలొచ్చాక వాళ్ళ ముందు ఇంకో లెక్క పెడతారు. తమ్ముడికి పట్నంలో ఎం.పి.సి., దూరం, ఫీజు, హాస్టలు. నీకు దగ్గర్లో ఏ గ్రూపు దొరికితే అది. కూడికలన్నీ సరిగ్గానే ఉంటాయి. అప్పుడు ఆ పిల్ల, ముందు ఈ దత్తాంశం ఎవరిచ్చారు అని అడగగలగాలి.